కొనసాగించమంటారా?

“నా ప్రోగ్రాం తీసీసావా? బుద్ధుందా నీకు, గుణా?”

ఫోన్‌లో అనూరాధ గొంతు విని ఎన్నాళ్లయిందో! ఆమె తిడుతుంటే గుణశేఖర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. తీసేసిన మాట నిజమే మరి.

ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఓనర్ల సంఘం ఆఫీసంటే ఒక గది, ఒక కంప్యూటరు, ఒక గుణశేఖర్. ఇదివరకు అనూరాధ కూడా ఉండేది. గాలివాన కబురొస్తే బోట్లన్నింటికీ మెసేజ్ పంపే ప్రోగ్రాం ఆమే రాసింది. తర్వాత ఆమెకి ఊరికి ఆ చివరున్న దువ్వాడలో మంచి ఉద్యోగమొచ్చింది. “వెళ్తే నన్ను మర్చిపో” అన్నాడు మనవాడు. దువ్వాడేమైనా దుబాయా? కోపమొచ్చినోడికి గాజువాక దాటితే విదేశమే!

ఆ పిల్ల వెళ్లిపోయింది. అప్పట్నించీ ఇతన్ని పలకరించే దిక్కు లేదు. పగలల్లా ప్రశ్నలడిగేది ఆ కంప్యూటరొక్కటే: కొనసాగించమంటారా? అడిగినదానికల్లా అవునని నొక్కడం అలవాటైపోయింది.

ఈ ఉదయం కొత్త మ్యాప్ ప్రోగ్రాం వేస్తుంటే అదే జరిగింది. అది నడవడానికి ఆసరాగా ఉండే కోడ్ మూట, అంటే లైబ్రరీ, కొత్తది కావాలి. అనూరాధ ప్రోగ్రాం పాత లైబ్రరీతోనే నడుస్తుంది. రెండూ ఒకచోట ఇమడవు. అందుకని కంప్యూటర్లో ప్రోగ్రాంలు ఎక్కించి దించే ప్యాకేజీ మేనేజరు, పాత ప్రోగ్రాం తీసేస్తానని పేరు రాసి మరీ అడిగింది. ఇతగాడు చదివితేగా!

మధ్యాహ్నానికి ఈదురుగాలుల హెచ్చరికొచ్చింది. మెసేజ్ వెళ్లదు. సముద్రంలో అనూరాధ తండ్రి పోలిరాజు బోటు కూడా ఉంది. ఇక గతిలేక ఆమెకే ఫోన్ చేశాడు.

“కంగారు పడకు. నాను సెప్పింది సెయ్యి.”

“రెండు లైబ్రరీలూ ఒకేచోట ఉండవు కదా?”

“ఒకేచోటెందుకు? నా ప్రోగ్రాంకి ఏరే గదిలాంటిది కట్టు. ప్రోగ్రాం, పాత లైబ్రరీ మళ్లీ అందులో పెట్టు. కొత్తది బయటుంటాది. ఒకటుండాలంటే ఇంకోటి పోవాలని ఎవడు సెప్పాడు నీకు?”

ఆమె అన్నది కంప్యూటర్ గురించే. అయినా గుణశేఖర్ గుండెలో గుచ్చుకుంది.

చెప్పినట్టే చేశాడు. మెసేజ్‌లు వెళ్లాయి. కిటికీ బయట వాన మొదలైంది. ఇద్దరూ ఫోన్ పెట్టేయలేదు. బోట్లు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. చీకటి పడకముందే పోలిరాజు బోటు జెట్టీకి చేరింది.

“మీ నాన్న వచ్చీసాడు, అనూ.”

అవతల ఏడుపు. అది తగ్గేదాకా ఆగాడు.

“ఆరోజు కూడా నాను సదవకుండా నొక్కీసాను. నువ్వు ఉజ్జోగానికెల్తానన్నావు. నన్నొదిలేత్తానని అన్లేదు. నువ్వు లేకపోతే నా వల్ల కావట్లేదు, అనూ.”



“అయితే ఇను. ఉజ్జోగం మాన్ను. రోజూ రాలేను. మా నాన్నతో పెళ్లి మాట నువ్వే మాటాడాల. ఎలమంచిలిలో మీ ఇంట్లోవోళ్లు ఏటన్నా నువ్వే సూసుకోవాల. ఇయన్నీ ఒప్పుకుంటేనే... ఆదివారం రానా?”

నోటిదాకా వచ్చిన ‘అవును’ను బలవంతాన ఆపుకున్నాడు.

“ఇంకోసారి సెప్పు,” అన్నాడు. “మొదట్నించీ.”

ఆమె నవ్వుతూ మొదట్నించీ చెప్పింది. అంతా విన్నాక అవునన్నాడు.