నాలుగో నంబరు తాళంచెవి

మా పనేమిటని అక్క అడిగితే, "రాని చుట్టం కోసం గుమ్మంలో కూర్చోవడం" అనేవాడు బావ. ఆ చుట్టం పేరు డార్క్ ఫోటాన్, ఉందో లేదో ఎవరికీ తెలియని ఓ కణం. నేల అడుగున ఒక గదిలో లేజర్, పక్కన చీకటి గది, మధ్యలో ఉక్కు గోడ. మామూలు వెలుగు ఆ గోడ దాటదు. డార్క్ ఫోటాన్లు నిజంగా ఉంటే మాత్రం కాస్త వెలుగు వాటిగా మారి, గోడలోంచి దూరి, అవతల మళ్ళీ వెలుగవుతుంది. ఏడేళ్ళుగా అవతల లెక్క సున్నా. అయినా బావకి విసుగన్నదే లేదు.

చీకటి గదిలోకి వెళ్ళేవాళ్ళు కంట్రోల్ రూములోని బోర్డు మీంచి తమ తాళంచెవి తీసుకెళ్ళాలి. అన్నీ బోర్డు మీదుంటేనే లేజర్ వెలుగుతుంది. అది వెలిగితే ఆ గది తలుపు బిగుసుకుంటుంది. నెల క్రితం ఓ మధ్యాహ్నం నాలుగో గడి, అంటే బావది, ఖాళీగా కనబడింది. జేబులో వేసుకుని భోజనానికి పోయాడనుకున్నాను. ఏ గడికైనా సరిపడే స్పేరు తాళంచెవి తగిలించి లేజర్ వేశాను.

బావ రెండు గంటలు లోపలే ఉండిపోయాడు. గుండె ఆగిందన్నారు. అందరికంటే ముందు చూసింది నేనే. ఆయన గుప్పిట్లోంచి తాళంచెవి తీసి బోర్డుకి తగిలించాను. స్పేరుని వంతెన మీంచి ఏట్లో పారేశాను.

తాళంచెవి తీసుకెళ్ళకపోవడం బావ తప్పేనని విచారణకొచ్చినవాళ్ళు రాసుకున్నారు. "ఆయన మరిచిపోయే మనిషి కాదే" అంటుంది అక్క, కలిసినప్పుడల్లా. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా ప్రతిసారీ మాట మార్చేస్తాను.

ఇవాళ ఉదయం పదింటికి కంట్రోల్ రూములో నేనొక్కదాన్నే ఉన్నాను. లేజర్ ఆపి ఉంది. తెర మీద చీకటి గది లెక్క కదిలింది. మూడు మినుకులు... ఆగింది... మరో రెండు. పని ముగించి వచ్చేముందు బావ గోడ మీద అలాగే తట్టేవాడు.

ఎక్కడో సందులోంచి వెలుతురు పడుతోందని నాకు నేనే సర్దిచెప్పుకుని, నా ఆరో నంబరు తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్ళాను. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. రబ్బరు వాసన, చల్లటి ఇనుము వాసన. ఆ రెంటి మధ్య... బావ షేవింగ్ సబ్బు వాసన.

టక్ టక్ టక్... టక్ టక్.

గోడ అవతల లేజర్ గుర్రుమంది. తలుపు బిగుసుకుంది. నా తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది.

"బావా," అన్నాను గుసగుసగా. "అక్కకి చెప్పేస్తాను. ఒట్టు."

చప్పుడు ఆగింది. తలుపు వదులైంది. పరుగున కంట్రోల్ రూముకొచ్చి పడ్డాను. బోర్డు మీద ఆరో గడిలో స్పేరు వేలాడుతోంది. దాని కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి.

అక్కకి ఫోన్ చేశాను.

"ఏమిటే, పనివేళ చేశావు?"

"ఏం లేదక్కా... ఊరికే."

పెట్టేశాను. వెనక కంట్రోల్ రూము తలుపు బిగుసుకున్న చప్పుడైంది. మళ్ళీ ఎత్తి చూస్తే ఫోన్ మూగబోయింది. అందుకే ఈ డ్యూటీ పుస్తకంలో రాస్తున్నాను. తలుపు బిగుసుకుని రెండు గంటలు కావస్తోంది. అక్కా, తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది. తప్పు నాది.

ఇది రాసి, లేచి తలుపు లాగి చూశాను. రాలేదు. ఈ తలుపుకి అసలు తాళమే లేదు.