గాలిగుమ్మానికి అవతల బంతిపూలు

గౌరీశ్వరి చారుకు పోపు వేస్తుండగా మణికట్టుకు అంటించి ఉన్న నాడిబిళ్ళ ఆ పూట కొలతలు చదివింది. ఊపిరి బాగుంది, నెత్తురు బాగుంది, ఓర్పు సున్నా. ఊహ తెలిసిన దగ్గర్నించీ రోజూ పొద్దున్నే వింటున్న మాటలే కాబట్టి ఆమె పట్టించుకోలేదు. పొయ్యి కట్టేసి, ఖాళీ అయిన ప్లాస్టిక్ నూనె సీసాను వంటింటి గోడలోని చెత్త సొరుగులో పెట్టి నెట్టింది. లోపలి మూత మూసుకుంది. బయటి మూత తెరుచుకుని సీసా గట్టు మీదికి జారిపోయిన చప్పుడు వినిపించింది.

అలవాటుగా గాజుపలక లోంచి బయటికి చూసింది. గట్టు చివర, చెత్త ఏరే యంత్రం చెయ్యి అందని మూలలో ఎప్పటిదో ఒక పాత సీసా ఇరుక్కుని ఉంది. లోపల మంచు చెమ్మ పట్టి గాజులా మెరుస్తోంది. దాని అడుగున ఏదో పచ్చగా కనిపించింది.

ఆమె చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. చారు చల్లారిపోయింది.

తెల్లమెట్ట ఆవరణను పాడేరు కొండల మీద కట్టింది ఆమె ముత్తాతల కాలంలో. అప్పట్లో బూజుగాలి లేచింది. కంటికి కనిపించని బూజు గాలిలో కలిసి, పీల్చినవాళ్ళ ఊపిరితిత్తుల్లో నాటుకుని ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేసింది. మిగిలినవాళ్ళు గాజు కప్పు వేసుకుని, గాలిని వడగట్టుకుని లోపల బతకడం నేర్చుకున్నారు. ఆవరణలో ఎండ లేదు, వాన లేదు, చలి లేదు. ఏడాది పొడవునా ఒకే వాతావరణం. పుప్పొడి కూడా పనికిరాదని పూలమొక్కలు పెంచనివ్వరు. కూరగాయలు దీపాల కింద గదుల్లో పండుతాయి. బయట బూజు తగ్గుముఖం పట్టిందనీ, చలికాలంలో అయితే బాగా పలచబడుతుందనీ కొలిచేవాళ్ళు చెబుతూనే ఉన్నారు. కానీ తరాల తరబడి వడగట్టిన గాలి పీల్చిన మనుషులకు ఆ కాస్త బూజును తట్టుకునే శక్తి కూడా లేకుండా పోయింది. ఆ శక్తికే ఓర్పు అని పేరు పెట్టారు. ఓర్పు అంకె పది దాటినవాళ్ళకు, బయటికి పోయే రెండు తలుపుల గాలిగుమ్మం దానంతటదే తెరుచుకుంటుందని స్థాపకులు నియమం రాసి పెట్టారు. అలా తెరుచుకోవడం ఎవరూ చూడలేదు.

గౌరీశ్వరి వంటింటి గాజులోంచి చూస్తే, గట్టుకు అవతల చిన్న గడ్డి మిట్ట, దాని మీద ఒక మట్టిదిబ్బ కనిపిస్తాయి. ఆమె కూతురు మైథిలి అక్కడ ఉంది. రెండేళ్ళ కిందట బడి వైపు వడపోత జల్లెడ ఒకటి చిరిగి, ఒక్క పూట బయటి గాలి లోపలికి వచ్చింది. పెద్దవాళ్ళు దగ్గి ఊరుకున్నారు. నాలుగేళ్ళ మైథిలికి జ్వరం వచ్చింది, తగ్గలేదు. భర్త సింహాద్రి గాలిగుమ్మంలో మరమ్మతు పని చేస్తాడు. బయటికి వెళ్ళడానికి శ్వాసకవచం ఉండేది ఆ పనివాళ్ళకే కాబట్టి, బిడ్డను ఎత్తుకుపోయి మట్టిలో పెట్టింది అతనే. గౌరీశ్వరి గాజు ఇవతల నిలబడి చూసింది. ఆవరణలో చనిపోయిన ప్రతి మనిషినీ ఇంట్లోవాళ్ళు అలాగే సాగనంపుతారు.

ఆమె బడిలో పంతులమ్మ. పిల్లలకు చూపించడానికి బడిలో ఒక విత్తనాల పెట్టె ఉంది. కిందటేడు అందులోంచి బంతి, చేమంతి విత్తనాలు చిటికెడు తెచ్చి, పళ్ళెంలో మట్టి పోసి, దీపం కింద మొలిపించింది. మొక్కలు ఏపుగా, లేతగా వచ్చాయి. సింహాద్రి వాటిని కవచంలో దాచి తీసుకెళ్ళి దిబ్బ మీద నాటాడు. రాత్రి చలికి, మర్నాడు పొద్దున్నకి అన్నీ ఉడికిన ఆకుకూరలా నేలకు అంటుకుపోయాయి. పైగా మరమ్మతు కాని పనికి కవచం వాడినందుకు అతన్ని పిలిచి మందలించారు. మళ్ళీ చేస్తే ఆ పనిలోంచి తీసేస్తామన్నారు. మిగిలిన మట్టినీ విత్తనాలనూ గౌరీశ్వరి ఒక సీసాలో కుక్కి చెత్తలో పారేసింది.

ఇప్పుడు గట్టు మూలన పచ్చగా ఉన్నది ఆ సీసాయే.

మధ్యాహ్నం సింహాద్రి అన్నానికి వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. పొట్టిగా, లావు కాడతో, ముదురాకుపచ్చగా ఉన్న నాలుగు బంతి మొలకలు. అతను చూసి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. ఆ వారమంతా ఆమె ఖాళీ సీసాలు యంత్రానికి వెయ్యకుండా దాచింది. ఒక్కొక్క సీసానూ నడుము దగ్గర ముప్పావు వంతు కోసి, మూతలా వెనక్కి వంచి, అడుగున కాల్చిన మేకుతో చిల్లులు పెట్టింది. కూరగాయల గది నుంచి అడిగి తెచ్చిన మట్టి సగం దాకా నింపి, తడిపి, విత్తనాలు చల్లింది. మళ్ళీ మూసి పట్టీ అంటించి, గాలికీ మంచుకూ దారి ఉండేలా పైన బిరడా తీసేసి, ఒక్కొక్కటే సొరుగులోంచి పంపింది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అవి ఆ మూలకు చేరాయి.

అవి కూడా మొలిచాయి. రాత్రి చలికి ముడుచుకుని పగటి ఎండకు విప్పుకుంటూ, తొందర లేకుండా పెరిగాయి. ఆమె వాటిని చూడగలిగింది గానీ తాకలేకపోయింది. మాఘం వెళ్ళింది, ఎండలు ముదిరాయి. సీసాలు దాటి తలలెత్తిన మొక్కలు నీళ్ళు లేక, దిగే నేల లేక, ఒకటొకటిగా ఆమె కళ్ళ ముందే ఎండిపోయాయి.

చివరి మొక్క పోయిన రోజున ఆమె బడిపని వదిలేసి, గాలిగుమ్మం వెలుపలి గది ఊడ్చే పని అడిగింది. ఆ గది పాతది. దాని జల్లెడలు సగమే పనిచేస్తాయి. ముక్కుకూ నోటికీ ముసుగు కట్టుకుని వెళ్ళినా ఎవరూ ఇష్టపడని పని కావడంతో వెంటనే ఇచ్చారు. ఆమె అక్కడ ముసుగు తీస్తుందని సింహాద్రికి మొదటి రోజే అర్థమైంది. ఇంటికి వచ్చేసరికి ఆమె దగ్గుతోంది.

“పిల్లని పోగొట్టుకున్నాం. నిన్ను కూడా పోగొట్టుకోమంటావేటి గౌరీ?” అన్నాడు.

“లోపల మొలిచినవి ఒక్క రాత్రికే చచ్చిపోనాయి బావా. ఆ సీసాలోవి చూసినావు కదా. వాటికి దీపం ఎట్టినోళ్ళు లేరు. చలిలోనే పుట్టి చలిలోనే నిలబడ్డాయి. నాను కూడా కొంచెం కొంచెంగానే పీలుస్తాను.”

“నువ్వు మొక్కవి కాదు.”

“కాదు. కానీ పిల్ల దగ్గరికి నానొక్కసారి ఎల్లాల. నువ్వైతే ఎల్లినావు.”

ఆమెకు జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. వెలుపలి గదిలో మొదట ఒక్క ఊపిరి, తర్వాత గుక్కెడు, తర్వాత ఊడుస్తున్నంత సేపూ ముసుగు లేకుండా ఉండసాగింది. వద్దన్న సింహాద్రే ఆమెకు మిరియాల కషాయం కాచి ఇచ్చేవాడు, రాత్రుళ్ళు వీపు రుద్దేవాడు. వానాకాలం నడుమ ఒక పొద్దున్న నాడిబిళ్ళ ఓర్పు ఒకటి అని చదివింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దసరా వెళ్ళేసరికి అది పెరిగింది. మళ్ళీ చలి మొదలుకాగానే ఆమె సీసాలు కోసి, విత్తనాలు చల్లి, గట్టు మీదికి పంపింది. మొలకలు నాలుగాకులు వేసే వేళకు అంకె పది దాటింది.

ఆ పొద్దున్న ఆమె ఉతికిన చీర కట్టుకుంది. సింహాద్రి వెలుపలి గది దాకా వచ్చాడు, కవచం తొడుక్కుని. తలుపు ముందు ఆమె నిలబడగానే, మాటలేవీ లేకుండా అది పక్కకు జరిగింది. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. ఆమె తడబడి గడప పట్టుకుంది, తర్వాత నడిచింది.

గట్టు దగ్గర సీసాలు ఏరుకుని, మిట్ట ఎక్కి, దిబ్బ పక్కన కూర్చుంది. వేళ్ళతో మట్టి తవ్వి మొక్కలు ఒక్కొక్కటీ దించింది. అంతవరకూ ఏడవలేదు. అన్నీ నాటి, చేతులు దులుపుకోబోయి, ఆ మట్టి దులపబుద్ధి కాక ఒళ్ళో చేతులు పెట్టుకుని ఏడ్చింది. లోపల వంటింటి కిటికీల దగ్గర జనం గుమిగూడి చూస్తున్నారు.

తిరిగి వచ్చినప్పుడు బయటి తలుపు తెరుచుకుంది. లోపలిది తెరుచుకోలేదు.

గుమ్మం అధికారి విశాలాక్షి గారు వచ్చారు. నియమాలన్నీ మొదటి నుంచీ చదివించారు. గాజుకు అవతల నిలబడి, మాట వినిపించే గొట్టం దగ్గర నోరు పెట్టి చెప్పారు.

“యంత్రం పాడవలేదు గౌరీశ్వరీ. వెళ్ళేవాళ్ళ ఒంటికి బూజును భరించే శక్తి ఉందా అని చూస్తుంది. వచ్చేవాళ్ళ ఒంట్లో బూజు ఒక గీత దాటి ఉందా అని చూస్తుంది. వెలుపలి గదిలో నువ్వు పీల్చింది ఇన్నాళ్ళూ గీతకు లోపలే ఉంది. ఇప్పుడు దాటింది. ఇక అది పోదు, నీ ఊపిరితోనే ఉంటుంది.”

అందరి ఓర్పూ ఒకేసారి పెరుగుతుందనీ, అందరూ ఒకే రోజున బయటికి నడుస్తారనీ, ఆపైన గుమ్మంతో పనే ఉండదనీ స్థాపకులు అనుకున్నారు. ఒక్కరే వెళ్ళి, మళ్ళీ తన వాళ్ళ కోసం లోపలికి రావాలనుకుంటారని వాళ్ళకు తోచలేదు.

అప్పటికే లోపలికి తిరిగి వచ్చిన సింహాద్రి ఆవిడ పక్కనే ఉన్నాడు. చేత్తో తిప్పి తలుపు తెరిచే చక్రం అతని ఎదురుగానే ఉంది. దాన్ని తిప్పడం వచ్చిన నలుగురిలో అతనొకడు. అతను చక్రం మీద చెయ్యి వేశాడు. విశాలాక్షి గారు అతన్ని ఆపలేదు. ఆమె కళ్ళు గౌరీశ్వరి మీదే ఉన్నాయి.

“నా మనవరాలు లోపల ఉందమ్మా,” అని మాత్రం అన్నారు.

గౌరీశ్వరి అటు చూసింది. వాళ్ళ వెనక నడవాలో ఆమె చదువు చెప్పిన పిల్లలు కొందరు నిలబడి ఉన్నారు. బడి జల్లెడ చిరిగిన నాడు మైథిలి వాళ్ళ బల్ల మీదే కూర్చుని ఉంది.

“తలుపు తియ్యకు బావా,” అంది.

అతను విననట్టే ఉన్నాడు.

“తియ్యకు. ఆ ఒక్క పూట గాలికే కదా మన పిల్ల పోయింది. నాను ఆ గాలిని ఒంట్లో ఎట్టుకుని లోపలికి రాలేను.”

అతని చెయ్యి చక్రం మీద చాలాసేపు ఉండి, జారింది.

ఆమెకు గుమ్మం బయట పక్కనే ఉన్న పనిముట్ల కొట్టు ఇచ్చారు. అన్నం సొరుగులోంచి వచ్చేది. పాత్రలో ఇంకా వేడిగా ఉన్నదంటే అది సింహాద్రి స్వయంగా తెచ్చిందని ఆమెకు తెలిసేది. సాయంత్రాలు గాజుకు చెరో వైపు కూర్చునేవారు. మొదట్లో చాలా మాట్లాడుకున్నారు. పోనుపోను లోపలి కబుర్లు ఆమెకూ, బయటి కబుర్లు అతనికీ పరాయివయ్యాయి. కొన్నాళ్ళకు వెలుపలి గది ఊడ్చే పని కోసం లోపల కొందరు అడగడం మొదలెట్టారట. తమ వాళ్ళ దిబ్బలు కిటికీల్లోంచి కనిపించే ఇళ్ళవాళ్ళే అందరూ. మరమ్మతు వేళల్లో తప్ప తెరవకుండా విశాలాక్షి గారు ఆ గదికి తాళం వేయించారు.

మాఘం చివర బంతిపూలు పూశాయి. నారింజ రంగువి, పసుపువి, ముద్దగా. గుమ్మం బయటి కీలుకు మరమ్మతు వచ్చింది. ఆ పని సింహాద్రికి ఇచ్చిన విశాలాక్షి గారు, అది పూర్తయ్యాక కవచంలో గాలి మిగిలితే తను లెక్క అడగనని చెప్పారట.

అతను మిట్ట ఎక్కుతూ రెండుసార్లు ఆగాడు. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కవచం ముఖపలక మీద పూల రంగు పడుతోంది. ఆమె ఒక పువ్వు కోసి అతని తొడుగు చేతిలో పెట్టింది. అతను దాన్ని ముఖం దగ్గరికి తీసుకుపోయాడు. పలకకు తగిలి ఆగింది.

“వాసన ఎలాగుంటాది?” అని అడిగాడు.

ఆమె చెప్పడానికి ప్రయత్నించింది. ఘాటుగా ఉంటుంది, ఆకు నలిపితే ఇంకా ఘాటు, కొంచెం చేదుగా కూడా ఉంటుంది అంది. అవేవీ అతను ఎరిగిన వాసనలు కావు. తల ఊపాడు. దిబ్బ వైపు తిరిగి చెప్పాడు.

“దాన్ని ఈ తొడుగులతోనే పడుకోబెట్టినాను గౌరీ. ఆఖరికి ఒళ్ళు చల్లగుందో ఎలాగుందో కూడా నాకు తెలీదు. నీకెప్పుడూ చెప్పలేదు.”

చెబుతూనే కుడిచేతి తొడుగు కట్టు విప్పసాగాడు. ఆమె రెండు చేతులతో ఆ కట్టును బిగించి పట్టుకుంది. అతను బలంగా లాగాడు. ఆమె వదల్లేదు.

“ఒక్కసారి మట్టిని ముట్టుకుంటాను.”

“నీకింకా సున్నాయే బావా. ఒక్క రాత్రి కూడా నిలబడవు.”

“ఎన్నాళ్ళు పడతాది మరి?”

“ఆ గదికి తాళం తీస్తే చెప్పగలను,” అంది ఆమె. “నీ దగ్గు చూస్తే అప్పుడు కూడా చెప్పలేనేమో.”

అతను లాగడం మానేశాడు. ఆమె మాత్రం చెయ్యి తీయలేదు. దళసరి తొడుగు మీద నుంచి అతని వేళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కుని పట్టుకుంది. గాలి అయిపోవచ్చిందని కవచం హెచ్చరించే దాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

ఆమె అతన్ని గుమ్మం దాకా దింపింది. పువ్వు లోపలికి పనికిరాదు కాబట్టి అతను దాన్ని ఆమె చేతికి తిరిగి ఇచ్చి, తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు వెంటనే తెరుచుకుంది. అతన్ని ఏమీ అడగకుండా లోపలికి తీసుకుంది.