పింకీ డాడీ కనబడని నాలుగు రోజులు

టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, కళ్లజోడు తగిలించుకుని, నీలమ్మ ఫోను తెరిచింది. నాలుగో రోజు. పింకీ డాడీ ఇవాళ కూడా లేడు.

రోజూ ఏడుంబావుకల్లా ఒక ఫొటో వచ్చేది. మణికొండలో ఒక అపార్ట్‌మెంటు గేటు ముందు స్కూలు వ్యాను కోసం నిలబడ్డ నాలుగేళ్ల పిల్ల. ఒకరోజు ఒక కాలికే సాక్సు, ఒకరోజు నోటి నిండా ఇడ్లీ. కింద రెండు ముక్కలు రాసి ఉండేవి. నీలమ్మ వాటిని కూడబలుక్కుని చదివి, అడుగున ఉన్న చుక్క గుర్తు నొక్కేది. చూశాను అని చెప్పడానికి ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఆ పిల్ల ఆమె మనవరాలు. ఫొటోలు పెట్టేది ఆమె కొడుకు దినేశ్. ఖాజాగూడ నుంచి మణికొండకు ఆటోలో పావుగంట. తల్లీ కొడుకులు మాట్లాడుకుని రెండేళ్లయింది.

"అమ్మా, టీ ఉన్నదా? తల పగులుతుంది," అంటూ అశ్విని గదిలోంచి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. హైటెక్ సిటీలో ఉద్యోగం, వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని. ఆ పని చాలదన్నట్టు తను సొంతంగా నడిపే 'బండమీద' పని వేరే.

"బిడ్డా, నా ఫోను ఖరాబైంది జర సూడవా? నిన్న సెల్లు దుకాణమాయనకు సూపెట్టిన. గీ యాపు పేరే ఇనలేదన్నడు. డిస్‌ప్లే మార్సుకోమన్నడు."

"ఆయనకు వాచీ ఇచ్చినా డిస్‌ప్లే మార్సమంటడు. ఏం కనబడతలేదు నీకు?"

నీలమ్మ ఫోను చీర కొంగు కింద పెట్టుకుని టీ వేడిచేయడానికి లేచింది.

ఆమె భర్త సాయిలు గుట్టల్లో రాళ్లు కొట్టేవాడు. ఆయన పోయాక దవాఖానలో, రేషను దుకాణంలో వేలిముద్ర వేసి వేసి విసుగు పుట్టి, యాభై ఆరో ఏట కూతురి దగ్గర పలక పట్టింది. మొదటిసారి తన పేరు తాను రాసుకున్న రోజు దినేశ్ దాన్ని ఫోనులో తీసి, నవ్వొచ్చే పాట ఒకటి జోడించి, అందరూ చూసే ఆ పెద్ద యాపులో పెట్టాడు. ఊరూ పేరూ తెలియని జనం విరగబడి చూశారు. మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. 'ఇప్పుడు నేర్చుకుని కలెక్టరవుతావా ముసలీ' అన్నవాళ్లూ ఉన్నారు. నేర్చుకున్న అక్షరాలతో నీలమ్మ మొట్టమొదట చదివిన మాటలు అవే.

తీసెయ్యమని అశ్విని అరిచింది. ఇంత మంది చూస్తుంటే ఎట్లా తీస్తానని దినేశ్ తిరగబడ్డాడు. మాట మీద మాట పెరిగి, చివరికి నీలమ్మే అనేసింది, "నాకు కొడుకు లేడనుకుంట, పో." ఆ వారమే దినేశ్ భార్య జ్యోత్స్ననూ పింకీనీ తీసుకుని మణికొండలో కిరాయికి దిగాడు.

అశ్విని ఆ పెద్ద యాపును వదిలేసి, తనలా విసిగిపోయినవాళ్ల కోసం చిన్న సర్వరు ఒకటి నడపడం మొదలుపెట్టింది. దాని పేరే 'బండమీద'. అదేమిటో తల్లికి చెప్పింది ఒకసారి: "అది ఒకడే షావుకారి పెద్ద హోటలమ్మా. ఇది మన ఇల్లు. గిసోంటి ఇండ్లు దునియా నిండ ఉన్నయి, ఎవలిది వాళ్లదే. గానీ మన ఇంట్ల కూసోనే పక్కింటోళ్లతోని మాట్లాడొచ్చు. ఒక ఇల్లు నచ్చకుంటే సామాను సదురుకొని ఇంకో ఇంట్లకు పోవచ్చు." మూడు వందల మంది చేరారు. నీలమ్మ ఫోనులోనూ ఆమె పేరుతోనే అశ్విని దాన్ని పెట్టింది. గోడ మీద రాసిన మొదటి నియమం, అడగకుండా ఎవరి బొమ్మా పెట్టకూడదు.

ఏడు నెలల కిందట, ఎవరో అందరికీ చూపించిన ఫొటోల్లో ఖాజాగూడ చెరువు గట్టున ఒక పిల్ల కనబడింది. కనుబొమ్మ మీద పుట్టుమచ్చ. తన చేతులతో నూనె రాసి లాల పోసిన పిల్ల. నీలమ్మ కూతురికి చెప్పలేదు. ఆ ఫొటో పెట్టిన 'పింకీ డాడీ' అనే పేరు పక్కన, నీ ఫొటోలు నన్నూ చూడనివ్వమని అడిగే గుర్తు నొక్కింది. అవతల నుంచి సరే అని వచ్చింది. అంతే, మాటా పలుకూ లేదు.

"రాత్రి మళ్ల నిద్ర లేదా?" టీ అందిస్తూ అడిగింది నీలమ్మ.

"ఏం నిద్రనమ్మా. సోమవారం ఒక సర్వరును తెంపేసిన. రోడ్డు దోస్తులని, బండ్లేసుకొని తిరిగే మొగోళ్లది. గప్పటి సంది వాళ్ల తిట్లు సదువుడే సరిపోతుంది."

గ్లాసు నీలమ్మ చేతిలోనే ఆగిపోయింది. పింకీ డాడీ పేరు పక్కన ఎప్పుడూ ఉండే మాట అది, రోడ్డు దోస్తులు.

"తెంపుడంటే?"

"ఆ ఇంటికీ మన ఇంటికీ దారి బంద్. వాళ్లు రాసింది మనకు రాదు, మనది వాళ్లకు పోదు."

"అందరినీ తెంపినవా? ఒక్కొక్కరిని సూడకుండనే?"

"ఏందమ్మా గట్ల కొట్లాటకు వస్తవు? బ్యూటీ పార్లరు ప్రియాంక లేదా, స్కూటీ మీద పోతున్న ఫొటో పెట్టుకున్నందుకు ఎంత గలీజుగ రాసిన్రో తెలుసా? అక్కడి ఓనరుకు మూడుసార్లు చెప్పిన. ఉలుకు లేదు పలుకు లేదు. ఏం జెయ్యాలె నేను?"

"అండ్ల పింకీ ఉన్నదే."

"ఏ పింకీ?"

"మన పింకీనే."

అశ్విని కుర్చీ తల్లి వైపు తిప్పుకుని కూర్చుంది.

"ఎన్ని రోజుల సంది?"

"ఏడు నెలలు."

"ఏడు నెలలు నాకు చెప్పలేదు నువ్వు. ఎవల కోసం కొట్లాడిన నేను? ఉన్న ఒక్క అన్నతోని మాటలు బంద్ పెట్టుకున్నది ఎవల కోసం? నేను నీ దిక్కు నిలబడితే, నువ్వు ఆయన దిక్కు కిటికీ తెరుసుకొని కూసున్నవు."

"కన్నదానికి దిక్కులుంటయా బిడ్డా?" నీలమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "నాలుగు రోజుల సంది నా కొడుకే నన్ను తీసేసిండనుకున్న. నేనన్న మాటకు నాకు గిట్లనే కావాలె అనుకున్న. కోపం మోసి మోసి పానం యాష్టకొచ్చింది అశ్వినీ."

అశ్విని లాపుటాపు ముందుకు లాక్కుంది. "సరే. మళ్ల దారి తెరుస్త. నువ్వు నీ కొడుకును సూసుకో. ప్రియాంక మళ్ల తిట్లు తింటది, తిననీ."

"వద్దు!" నీలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "తెరువకు. గా రాతలు సదివితే ఎట్లుంటదో నాకెరుక. ఆ పిల్లకు గా బాధ వద్దు. మనిషి ఇల్లు మారొచ్చంటివి గద?"

"మారొచ్చు. ఆయనంతట ఆయనే రావాలె. నేను గుంజుకరాలేను."

నీలమ్మ కొంగు కింది ఫోను తీసి బల్ల మీద పెట్టింది, ఇద్దరూ దాని వంక చూశారు. దినేశ్ నంబరు అందులో రెండేళ్లుగా ఎవరూ నొక్కకుండా ఉంది. చివరికి నీలమ్మే తీసుకుంది. "మాట నేనన్నది. నేనే వాపస్ తీసుకుంట."

మొదటి రింగుకే ఎత్తాడు.

"అమ్మా? పానం మంచిగున్నదా? ఏమైంది?"

"నాకేమైతదిరా."

"నాలుగు రోజుల సంది ఫొటోల కింద నీ చుక్క లేదు. పేరే లేదు. దవాఖానల పడ్డవేమోనని పరేషాన్ల ఉన్న. జ్యోత్స్న పోయి సూసి రమ్మంటుంది."

"మరి ఫోను జెయ్యవారా?"

"కొడుకు లేడన్నవు గదమ్మా."

నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అన్న. నోటికొచ్చినట్టు అన్న. తప్పయింది కొడుకా..." ఫోను అశ్విని తీసుకుంది. ఆఫీసులో మాట్లాడినట్టు పొడిగా మాట్లాడింది.

"అన్నా, అమ్మ తెంపలేదు. ఆ సర్వరు మొత్తం నేను తెంపిన. నువ్వు అండ్ల ఉన్నవని నాకు తెల్వదు. మా దాంట్లకు రావొచ్చు. గానీ ఎందుకొస్తున్నవో అర్జీ రాయాలె."

"నాకు గూడనా?"

"నీకే ముందుగాల. ఆ పద్ధతి పెట్టిందే నీ పుణ్యాన."

సాయంత్రం పొద్దు వాలుతుండగా అర్జీ వచ్చింది. అశ్విని చదవకుండానే లాపుటాపు తెచ్చి తల్లి ఒడిలో పెట్టింది. నీలమ్మ తెర మీద వేలు పెట్టి పైకి చదవసాగింది. ఒకచోట ఆగిపోతే కూతురు అందించబోయింది. ఆగమని చెయ్యెత్తి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

'నా పేరు దినేశ్. మా అమ్మ పేరు రాసుకున్న రోజు ఆమెను అడగకుండా వీడియో పెట్టాను. ఆమెను చూసి నవ్విన మొదటివాణ్ని నేనే. నెల తిరక్కముందే తీసేశాను కానీ, అప్పటికే అది నా చెయ్యి దాటిపోయింది. ఆ సంగతి చెప్పడానికి మొహం చెల్లక రెండేళ్లు ఊరుకున్నాను. పింకీ ఫొటోలు నేను ఒక్క మనిషి కోసమే పెట్టేవాణ్ని. ఆ మనిషి మీ దగ్గరుంది. రానిస్తే వస్తాను.'

చదవడం అయ్యేసరికి గదిలో వెలుతురు తగ్గిపోయింది. అశ్విని తెర వంక చూడకుండా కిటికీ వంక చూస్తోంది. చెంపలు తడిసి ఉన్నాయి.

"అమ్మా, నాకింకా మనసొస్తలేదు. మాఫ్ చెయ్యలేను."

"చెయ్యకు. తలుపు తియ్యి, సాలు. మాఫీ సంగతి ఇంట్ల కూసోని సూసుకుందాం."

అశ్విని చెంపలు తుడుచుకుని, అర్జీ కింద సరే అన్నచోట వేలితో ఒక్కసారి నొక్కింది. తర్వాత తల్లి భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. నాలుగు రోజుల అలసట అంతా ఆ తల బరువులో తెలిసింది నీలమ్మకు.

అరగంటకు దినేశ్ ఫోను చేశాడు. రేపు పొద్దున ముగ్గురం వస్తున్నాం అన్నాడు. అన్నం ఇక్కడే తినాలంది నీలమ్మ.

కూతుర్ని పడుకోబెట్టి, రేపటికి బియ్యం ఏరి పెట్టుకుందామని డబ్బా దగ్గరికి వెళ్లింది. గ్లాసుతో కొలుస్తుంటే, దినేశ్ ఎంత తింటాడో చేతికే తెలుసు. జ్యోత్స్నది పిట్ట తిండి. పింకీ దగ్గరికి వచ్చేసరికి గ్లాసు ఆగిపోయింది. నాలుగేళ్ల పిల్ల, ఇప్పుడు ఎంత తింటుంది? పప్పు కావాలంటుందా, పెరుగా? కారం తట్టుకుంటుందా? ఏడు నెలలుగా రోజూ చూసిన మనవరాలు. ఫొటోల్లో అదేదీ కనబడలేదు.

నీలమ్మ ఏడుస్తూనే ఇంకో గ్లాసు బియ్యం పోసింది.