గుమ్మడికి మూడు రోజుల పస్తు

"జబ్బు చేపని అంటగట్టారా మాకు?"

లాండ్రీలో ఇస్త్రీ పని వదిలేసి, వానలో తడుస్తూ రోడ్డు దాటి వచ్చిన ఆమె, చేపల షాపు కౌంటర్ మీద గాజు సీసా ఠక్కున పెట్టింది. లోపల గోల్డ్‌ఫిష్ పొట్ట పైకి తేలి గిలగిలలాడుతోంది. దాని గుండ్రటి ఒళ్లు చూసి ఆమె కూతురు పెట్టుకున్న పేరు గుమ్మడి.

షాపతను సీసా ఎత్తి చూశాడు. "జబ్బు కాదండీ, అజీర్తి. మేత ఎక్కువైంది. రోజుకి ఎంత వేస్తారు?"

"ఒక్క చిటికెడు."

"చిటికెడుకే ఇంత పొట్టా? అయితే మీ చెయ్యి చాటంత ఉండాలే!"

"జోకులాపి, బతుకుతుందో లేదో చెప్పండి."

అతను నవ్వు మింగేశాడు. "మూడు రోజులు పస్తు పెట్టండి. నాలుగో రోజు బఠాణీ మెత్తగా ఉడికించి, తొక్క తీసి, ఆవగింజంత ముక్కలు వేయండి. పొట్ట కదిలితే చేప దానంతటదే తిన్నగా తిరుగుతుంది."

"పస్తా?" ఆమె ముఖం పాలిపోయింది. "వేరే మందు లేదా?"

"అదే మందు."

ఏడాది క్రితం, ఆసుపత్రికి వెళ్లే ముందు వారం, ఆమె భర్త ఈ షాపులోనే కొన్న చేప అది. కూతురు దాన్ని 'నాన్న చేప' అంటుంది. ఆరేళ్ల పిల్లకి నాన్న రాడని చెప్పడానికే ఆమెకి మాటలు దొరకలేదు. ఇదీ పోతే ఏ నోటితో చెప్పాలి?

మూడో రోజు సాయంత్రం అదే సీసా, అదే వాన. చేప పొట్ట ఇంకా ఉబ్బింది.

"మీ పస్తు దీన్ని చంపేస్తోంది!"

అతను సీసా అడుగుకి వేలు పెట్టి చూపించాడు. నాని ఉబ్బిన మేత పలుకులు. "ఇదేం పస్తండీ?"

ఆమె తల దించుకుంది. "ఒక్క పలుకే వేశాను."

"ఇక్కడ చాలా ఉన్నాయే!"

షాపు మూసి ఆమెతో పాటు ఇంటికి వచ్చాడు. అడగ్గానే పిల్ల ఒప్పేసుకుంది. "నేనూ వేశా. పాపం కదా!"

వంటగది గుమ్మంలోంచి అత్తగారు నెమ్మదిగా అంది. "నేనూ వేశాను నాయనా. ఆపరేషన్ అని నా కొడుక్కి ఏమీ పెట్టొద్దన్నారు. ఒక్క ముద్ద పెట్టమ్మా అని అడిగాడు. పెట్టలేదు. ఆకలితోనే పోయాడు. మళ్లీ ఈ ఇంట్లో ఇంకో ప్రాణాన్ని మాడ్చడం నా వల్ల కాదు."

అతను సీసా చేతిలోకి తీసుకున్నాడు. "పస్తు నేనుంచుతాను. ఆ పాపం మీకొద్దు."

ఆ తర్వాత మూడు రోజుల్లో ఆమె ఇస్త్రీ చేస్తూ రెండు చొక్కాలు మాడ్చింది. తలెత్తినప్పుడల్లా రోడ్డుకి అవతల అతనూ ఇటే చూస్తుండేవాడు. ఇంకా లేదన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు. నాలుగో సాయంత్రం షాపు మూసి ఉంది.

అయిపోయింది, అనుకుంది. కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరి, కూతురి ముందు కూర్చుంది. పిల్ల చెయ్యి పట్టుకుంది.

తలుపు చప్పుడైంది. తడిసి ముద్దయిన అతను. గొడుగు మాత్రం సీసా మీద ఉంది.

"నీళ్లలో ఉన్నదానికి గొడుగేంటండీ!" అంది ఆమె, ఏడుస్తూనే.

"కంగారులో తోచలేదు."

గుమ్మడి పొట్ట కిందికి దిగింది. ఈదుతోంది, ఓ పక్కకి ఒరిగి.

"బఠాణీ తింది, పొట్ట కదిలింది. ఈ వాలు పోదేమో. ఎన్నాళ్లుంటుందో కూడా చెప్పలేను." గొంతు తగ్గించాడు. "దాన్ని మాడుస్తూ నాకూ ముద్ద దిగలేదండీ. అవతల నుంచి మీరలా చూస్తుంటే అసలే దిగలేదు. ఇకముందు కూడా... మీరు ఊఁ అంటే, ఇలాగే వచ్చి చూసుకుంటాను. చేపని ఒక్కదాన్నే కాదు."

ఆమె చెయ్యి చాచి సీసా అందుకుంది.

అత్తగారు కంచం తెచ్చి, ఏడాదిగా ఎవరూ కూర్చోని చోట పెట్టింది. "కూర్చో బాబూ." వడ్డిస్తూనే ఉంది.

"చాలు పెద్దమ్మా."

"ఈ ఇంట్లో ఆ మాట అనకు నాయనా."

ఆమె సీసాని కళ్లెదురుగా పెట్టుకుని, అతని పక్కన కూర్చుంది.

"నాకూ పెట్టండి అత్తయ్యా. ఆకలేస్తోంది."