గడియారం మళ్ళీ లేచింది

తూనీగ మాడిన పాలగిన్నెను పీచు పెట్టి తోముతూనే ఉంది. అడుగున పట్టిన మాడు ఎంత రుద్దినా ఒక పక్క వదిలినట్టే వదిలి ఇంకో పక్క కనిపిస్తోంది. పాలు పొయ్యి మీద పెట్టి అద్దం ముందుకు వెళ్ళిపోయింది వదిన. గిన్నె ఆడపడుచు వంతుకొచ్చింది.

గోడకున్న ఫోను మోగింది. తడిచేత్తోనే ఎత్తింది.

"పాలవాడు వచ్చాడా?"

"రేపటి పాలు కూడా పోసి వెళ్ళాడండీ."

కోడ్ సరిపోయింది. అవతల ఉన్నది పెద్దాయన. ఆయన పేరు గూఢచారుల డిపార్ట్‌మెంటులో ఎవరికీ తెలియదు. కోపం మాత్రం అందరికీ తెలుసు.

"కుట్టుమిషను తెరువమ్మా. మీ అన్నయ్య పడవెక్కాడు. శత్రు ముఠా రహస్య సంకేతాలు విప్పే తాళంచెవి అతని దగ్గరుంది. చీకటి పడేలోపు మన ఒడ్డు చేరాలి. కానీ మన సర్వర్లో ఎవడో దొంగ దూరాడు."

తూనీగ చేతులు తుడుచుకుని, పొడుగు తీగ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ముందుగదిలోకి వచ్చింది. కుట్టుమిషను మూత ఎత్తి, దారపు కండెను ఎడమవైపు తిప్పింది. సూది ఉండాల్సిన చోట చిన్న స్క్రీన్ పైకి లేచింది.

సముద్రపు ఒడ్డున తాళం వేసిన స్టేషన్‌లో ఉంది ఆ సర్వర్. అందులో తెరవెనుక నడిచే చిన్న ప్రోగ్రాములు, సర్వీసులు కొన్ని. వాటిలో 'దారి' అనేది నీటి అడుగున ఉన్న మందుపాతరలకు తగలకుండా అన్నయ్య పడవను నడిపిస్తోంది. దాని పక్కనే, అమాయకంగా 'గడియారం' అని పేరు పెట్టుకుని, ఇంకో సర్వీసు కూర్చుంది. పడవ ఎక్కడుందో అది ఎప్పటికప్పుడు ముఠాకు చేరవేస్తోంది.

"సర్వర్ మొత్తం ఆపేస్తే?"

"దారి కూడా ఆగుతుంది. మీవాడు గుడ్డివాడిలా మందుపాతర మీదికెక్కుతాడు. స్టేషనుకి మనిషిని పంపే టైము లేదు. నువ్వు రాసిన ఆ లైబ్రరీ ఒక్కటే మనకున్న చెయ్యి. ఆ ఒక్కదాన్ని చంపు."

ట్రెయినింగులో ఉండగా తూనీగ రాసిన చిన్న లైబ్రరీ, ఆజ్ఞల ప్రోగ్రాముల కట్ట అది. దూరం నుంచి సర్వరుకు నాలుగు మాటలు చెప్పగలదు. లేపు, దించు, చంపు, నిలుపు. అడిగితే ఏ సర్వీసు ఎలా ఉందో, ఏ ఆజ్ఞ ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది. అంతకుమించి ఒక్క ఫైలు కూడా ముట్టుకోలేదు.

ఆమె 'చంపు' అంది. గడియారం చచ్చింది. రెప్ప వేసి తీసేలోగా మళ్ళీ నడుస్తోంది.

"ఆపావా?" అన్నాడు పెద్దాయన.

"ఆపాను సార్. సూపర్‌వైజర్ మళ్ళీ లేపింది."

"ఎవరావిడ?"

"ఆవిడ కాదు సార్, ప్రోగ్రాము. సర్వీసుల మీద కాపలా. ఏది పడిపోయినా చెయ్యి పట్టి లేపడమే దాని పని. మంచిదా, దొంగదా అని అడగదు. దాన్నే అడగాలి, ఇక లేపొద్దని."

"మరి అడగవేం?"

తూనీగ పళ్ళు నూరుకుని 'దించు' అని కొట్టింది. ఈ ఆజ్ఞ సర్వీసుకు కాదు, నేరుగా సూపర్‌వైజరుకే. గడియారం ఆగింది. ఈసారి ఆగినచోటే ఉంది. ఆమె ఊపిరి పీల్చుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

పక్కగదిలో టక్ మని చిన్న చప్పుడు.

గడియారం మళ్ళీ లేచింది.

"ఏమ్మా ఆడపడుచూ, ఆ మిషనుతో ఏమిటి నీ కుస్తీ?" వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముత్యాల దుద్దులు, చేతిలో వెండి పౌడరు డబ్బా. డిపార్ట్‌మెంటులో ఆమె మారుపేరు అత్తరు. ఆమె కన్నా ముందు ఆమె వాసన గదిలోకొస్తుంది. ముఠావాళ్ళ పార్టీలకు వెళ్ళి, వాళ్ళ మనిషిలా నవ్వి, వాళ్ళ గుట్టు మనకు మోసుకొచ్చే డబుల్ ఏజెంట్. మన మనిషే. కనీసం పెద్దాయన లెక్కలో.

"అన్నయ్య వస్తున్నాడు వదినా. దారిలో చిక్కొచ్చింది."

"వస్తున్నాడా? నాకు చెప్పలేదే." వదిన డబ్బా మూసింది. "ఏనాడైనా చెప్పి వెళ్ళాడా, చెప్పి వచ్చాడా? పెళ్ళయిన మర్నాడు పాలప్యాకెట్టుకని వెళ్ళి మూడు నెలలకొచ్చాడు మీ అన్న. అదీ పాలు లేకుండా."

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

తూనీగ మళ్ళీ దించింది. పక్కగదిలో టక్. గడియారం లేచింది. మళ్ళీ దించింది. టక్. లేచింది. తను రాసిన లైబ్రరీలోనే తప్పుందేమోనని తన మీద తనకే ఒళ్ళు మండింది. 'దించు'కు బదులు 'లేపు' వెళుతోందా? ఏడవాలో, మిషను ఎత్తి నేలకేసి కొట్టాలో తెలియలేదు. లేచిన ప్రతిసారీ గడియారం పడవ జాడ ముఠాకు అందిస్తోంది.

"ముఠా లాంచీ మలుపు తిరిగింది," అన్నాడు పెద్దాయన. "నీకు చేతకాకపోతే చెప్పు."

"చేతనవుతోంది సార్! ఎవరో చెడగొడుతున్నారు!"

అరిచాక, తన మాట తనకే వినిపించింది. ఎవరో. సర్వరుకు చివరగా అందిన ఆజ్ఞ ఏమిటి, ఎక్కడినుంచి వెళ్ళింది అని లైబ్రరీని అడిగింది. లైబ్రరీ జవాబిచ్చింది: 'లేపు'. పంపిన లైను ఈ ఇంటిదే.

తను పంపలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

తూనీగ తల తిప్పకుండా మిషను మీది మెరిసే నికెలు రేకులోకి చూసింది. అందులో పక్కగది అద్దం, అద్దంలో వదిన. ఒడిలో పౌడరు డబ్బా తెరిచి ఉంది. మూతలోపల ఆవగింజంత దీపం పచ్చగా వెలుగుతోంది. ఒక ముఖానికి ఒక్క మధ్యాహ్నంలో ఎంత పౌడరు కావాలి?

లేచి వెళ్ళి ఆ డబ్బా లాక్కోవాలనిపించింది. కానీ వదిన ఒక్క కేక వేస్తే, ఒక్క ఫోను చేస్తే, ముఠా తన లాంచీలన్నీ ఒకేసారి వదులుతుంది. వదినకు అనుమానం రాకూడదు. గడియారం నడుస్తోందని చెప్పే ఆ దీపం ఆరకూడదు. గడియారం మాత్రం పని చేయకూడదు.

"సార్," అంది మామూలు గొంతుతో, "మా ఇంటి కరెంటు మీటరు తప్పు చూపిస్తోంది."

ఇంట్లోనే శత్రువు ఉన్నప్పుడు వాడే మాట అది. పెద్దాయన తిట్టలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"మనిషిని పంపుతున్నాను," అన్నాడు మెల్లగా.

తూనీగ స్క్రీను వైపు తిరిగింది. చంపితే సూపర్‌వైజర్ లేపుతుంది. దించితే వదిన లేపుతుంది. పడిపోయినదాన్నే కదా ఎవరైనా లేపేది. పడిపోకుండానే ఆగిపోతే?

నాలుగో మాట. 'నిలుపు'. ఆ రోజుల్లో ఊరికే రాసింది. "చావకుండా, బతకకుండా సర్వీసును నిలబెట్టి ఏం చేసుకుంటాం?" అని పెద్దాయన అందరి ముందూ వేళాకోళం చేశాడు. పట్టుదలకు పోయి తీసెయ్యలేదంతే.

కొట్టింది.

గడియారం ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోయింది. చావలేదు కాబట్టి సూపర్‌వైజర్ కదల్లేదు. లెక్క ప్రకారం అది నడుస్తున్నట్టే. నికెలు రేకులో చూసింది. డబ్బాలో దీపం పచ్చగానే ఉంది. వదిన టక్ మని నొక్కింది. ఏమీ కాలేదు. లేచి ఉన్నదాన్ని ఇంకేం లేపుతుంది?

దీపం చూసి వదిన తృప్తిగా దువ్వెన అందుకుంది.

కిటికీ బయట వెలుగు పలచబడింది. తూనీగ 'దారి' మీద నుంచి చూపు తీయలేదు. లాంచీ పాత జాడ పట్టుకుని మలుపు అవతల గిరగిరా తిరుగుతోందని పెద్దాయన చెప్పాడు. గోడ అవతల దువ్వెన జుట్టులో నడిచే చప్పుడు వినిపిస్తోంది.

మిషను స్పీకరు గరగరలాడింది.

"తూనీగా! చేరాను. నిలువునా తడిసిపోయాను. ఇంట్లో పొడి తువ్వాలుందా?"

"ఉంది అన్నయ్యా."

దువ్వెన చప్పుడు ఆగిపోయింది.

"మీ వదిన ఎలా ఉంది? ఏం చేస్తోంది?"

తూనీగ తల తిప్పింది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలోని డబ్బాలో దీపం పచ్చగా వెలుగుతోంది. ఆమె దాన్ని చూసింది, స్పీకరును చూసింది, ఆడపడుచును చూసింది.

"పౌడరు రాసుకుంటోంది అన్నయ్యా," అంది తూనీగ.

"అయితే బాగానే ఉంది," అని నవ్వాడు అన్నయ్య. "ఈసారి నిజంగా పాలప్యాకెట్టు తెస్తున్నానని చెప్పు."

వదిన గుమ్మం దాటి వచ్చి డబ్బాను మిషను పక్కన పెట్టింది. ఇంటి తాళంచెవి తగిలించే మేకు దగ్గర ఒక్క క్షణం ఆగి, అది తీసుకోకుండానే చెప్పులేసుకుంది. గేటు దగ్గర, టార్చీ పట్టుకుని కరెంటు మీటరులోకి తొంగి చూస్తున్న పెద్దాయన మనిషి లేచి, మర్యాదగా గేటు తెరిచి పట్టుకున్నాడు.

బల్ల మీద డబ్బా మాత్రం, అంతా చక్కగా నడుస్తోందని, పచ్చగా వెలుగుతూనే ఉంది. వదిన ఆ మనిషి వెంట గేటు దాటి వెళ్ళిపోయింది.