సోనగరీ అని పిలిచినవాడు

మిట్టమధ్యాహ్నం... సూర్యబింబాన్ని రాహువు కబళించిన ఘోరఘడియ! నభోమండలం కాటుక పూసినట్టు నల్లబడింది. మేఘమే లేదు, ఉరుములు! పగలన్న సంగతి మరచి గుడ్లగూబలు ఘూకారాలు చేశాయి. ఒకటి ఏకంగా ఫిరంగి గొట్టంలో కూర్చుని కూసిందని మా తాత ఒట్టేసి చెప్పేవాడు, నన్నడిగితే రెండు!

ఆనాడు దక్కను కోటను ముట్టడించిన పాదుషా సైన్యానికి సేనాధిపతి మా ఖేజడ్‌గఢ్ ప్రభువు, రావ్ జైత్‌కరణ్. గ్రహణం విడవగానే నిచ్చెనలేసి కోటగోడలకు లగ్గలెక్కాలని ఆయన ఆజ్ఞ. అంతలో రాణిగారి డేరాలోంచి ఒక ఆర్తనాదం... పాషాణాలు పగిలే ఆర్తనాదం!

శిబిరం నడిబొడ్డున రక్తవర్ణపు ముగ్గులో కూర్చుని ఉన్నాడు భుజంగనాథుడు... కోటవాళ్ళు పంపిన క్షుద్రోపాసకుడు! ఎదుట నరకపాలం. దాని కంటిగుంటల్లో నీలిజ్వాలలు! కత్తులు దూసిన సైనికుల చేతులు దూసినట్టే బిగుసుకుపోయాయి.

వాడు ఉసిగొల్పిన పిశాచం పట్టి, పరదా చీల్చుకుని రాణి వెలువడింది. విరబోసిన కేశపాశం... తెల్లగుడ్లు... నేలను తాకని పాదాలు! కపాలంవైపు గాలిలో తేలి వస్తోంది!

"ఏం రావ్‌జీ! దండును వెనక్కి తిప్పుతావా, పెళ్ళాం ప్రాణాన్ని ఈ పుర్రెలో పోసుకోమంటావా?"

"పాదుషా ఉప్పు తిన్నానురా. దండు కదలదు. కావాలంటే నా ప్రాణం తీసుకో, ఆమెను వదిలెయ్!"

"నీ ముసలి ప్రాణం నా కుక్కక్కూడా వద్దు!" మాంత్రికుడు చేతులెత్తాడు. "హ్రీం... రా సోనగరీ! ఎక్కడున్నా రా సోనగరీ!"

రావ్ గారు ఉలిక్కిపడ్డారు. కన్నీళ్ళలోనే ఫక్కున నవ్వారు.

"ఏమని పిలిచావురా?"

"నీ రాణి పేరే! నీ దాసీలంతా పిలిచే పేరే!"

"ఓరి దద్దమ్మా! మా ఇళ్ళల్లో కోడలి పేరు ఎవరు పలుకుతార్రా? సోనగరీ అంటే ఆమె పుట్టింటి వంశం. ఆ వంశపు ఆడపడుచులందర్నీ రమ్మన్నావు... పోయినవాళ్ళతో సహా!"

భూమి పొగలు కక్కింది! పూర్వం తమ పుట్టింటి కోట శత్రువుల పాలైననాడు చితిలో దూకిన సోనగరీలు... ఎర్ర ఓఢనీ ముసుగులు, దంతపు గాజులు, నిప్పులు కురిసే అరచేతులు... వందలుగా లేచారు! రాణిని పట్టిన పిశాచం కెవ్వుమని పారిపోయింది.

"మిమ్మల్ని కాదు! పొండి! పొండమ్మా!"

"పిలిచావుగా నాయనా, వచ్చాం," అంది వారిలో పెద్దావిడ, ఆప్యాయంగా.

ఒక్కొక్కరే వాడి మీద అరచెయ్యి వేశారు. కపాలం ఫెటిల్లుమంది! వాడి కేక గ్రహణాకాశాన్ని చీల్చింది... తర్వాత బూడిద!

సూర్యుడు వెలికి వచ్చాడు. ఆ సాయంత్రానికి కోట వశమైంది.

డేరాలో రావ్ గారు రాణి తల నిమురుతూ గొంతు సవరించుకున్నారు. "ఇన్నేళ్ళూ అడగనే లేదు. ఇంతకీ నీ అసలు పేరేమిటి?"

రాణి నీరసంగానే ముసుగు సర్దుకుంది.

"చెప్పను హుకుమ్, ఏలినవారు మన్నించాలి. మీకు తెలిసుంటే మీ దాసీలకు తెలిసేది. వాళ్ళకు తెలిసుంటే, ఈపాటికి నేను ఆ పుర్రెలో ఉండేదాన్ని!"