హర్షిణి చెప్పిన బాయి కథ

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. హర్షిణి పక్కన చోటు దొరకాలంటే ముందే వెళ్ళాలి. ఆదివారం టీవీలో చూసిన సినిమాను ఆరో తరగతి హర్షిణి సోమవారం బడిలో కథగా చెబుతుంది. సముద్రం పొంగితే చేతులు పైకెత్తి లేచి నిలబడుతుంది. బిల్డింగు కూలితే ఆ చప్పుడంతా నోటితోనే చేస్తుంది.

అలాంటి సినిమాలంటే హర్షిణికీ, వాళ్ళ డాడీ జగదీశ్వర్‌కీ ప్రాణం. ఆయనకు గోదావరిఖని చౌరస్తాలో సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి వస్తాడు. ఇద్దరూ కూలరు ముందు కూర్చుని మక్కప్యాలాలు తింటూ, ఊళ్ళకు ఊళ్ళు మునిగిపోవడం చూస్తారు. వంతెన తెగితే డాడీ తొడ చరుస్తాడు. అంతమంది సస్తుంటె మీకు నవ్వెట్లొస్తదని అమ్మ అడిగితే, ఇద్దరూ దొంగల్లా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. టీవీ సౌండు కొంచెం తగ్గిస్తారు. సినిమా మాత్రం ఆపరు.

ఆ సోమవారం కథ సరిగా సాగలేదు. ఎక్కడో అమెరికాలో భూమి చీలిందని హర్షిణి చెబుతుంటే, అది మేమూ చూశామన్నారు కొందరు. ఒకడు నోరంతా తెరిచి ఆవులించాడు. హర్షిణికి ఉక్రోషం వచ్చింది. అప్పటికప్పుడు అమెరికాను వదిలేసి గొంతు తగ్గించింది.

"అది ఎక్కడనో కాదు. మన బాయిల" అంది.

బొగ్గు గనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు. ఆ వరండాలో సగం మంది నాన్నలు బాయి పనోళ్ళే. అందరూ తినడం ఆపేశారు.

హర్షిణికి హుషారొచ్చింది. భూమి లోపల చీకట్లో బాయి కప్పు ఎలా పగిలిందో చెప్పింది. మట్టి ఎలా రాలిందో, దారి ఎలా మూసుకుపోయిందో చెప్పింది. ఆఖరికి గుసగుసగా, "ఫస్టు షిఫ్టుల దిగినోళ్ళు ఒక్కలు గూడ పైకి రాలె" అని ముగించింది.

ఎవరూ కదల్లేదు. ఎదురింటి సంతోషి, రెండో తరగతి పిల్ల, కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని చూస్తూ ఉంది. ఆ పిల్లను చూసి హర్షిణికి ఎంతో గర్వమనిపించింది.

తెల్లారి హర్షిణి వాకిట్లో పళ్ళు తోముకుంటుంటే ఎదురింట్లోంచి ఏడుపు వినిపించింది. సంతోషి వాళ్ళ నాన్న పోశం డ్యూటీకి బయల్దేరి బండి ఎక్కాడు. సంతోషి ఆయన కాలు పట్టుకుని వదలడం లేదు. వాళ్ళమ్మ రమ లాగినా రావడం లేదు.

"పోవద్దు బాపూ. ఇయ్యాల బాయి కూలుతది. ఒక్కలు గూడ పైకి రారు."

హర్షిణి బ్రష్షు నోట్లోనే ఆగిపోయింది. అవి తన మాటలే. నిన్న తను గుసగుసగా చెప్పినవే.

పిల్ల మొండికేసిందని పోశం మొదట కసిరాడు. ఎత్తుకోబోయి ఒంటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఆయన గడియారం చూసుకున్నాడు. షిఫ్టు వేళ దాటితే ఇక డ్యూటీలోకి రానివ్వరు. బండి ఆపేసి, పిల్లను భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

హర్షిణిని ఎవరూ ఏమీ అడగలేదు. సంతోషి ఎవరి పేరూ చెప్పలేదు. ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. కానీ ఊరుకోలేకపోయింది. బడిలో పిల్లలు, తరువాత ఏమైందో చెప్పమని వెంటపడితే, గొంతు నొప్పిగా ఉందని తప్పించుకుంది. అన్నం కూడా సరిగా తినలేదు.

సాయంత్రం సొంత ఇంటికి పోకుండా, బ్యాగుతోనే ఎదురింటి గడపలో నిలబడింది. మంచం మీద పోశం కూర్చుని ఉన్నాడు. సంతోషి ఆయన ఒళ్ళో తల పెట్టుకుంది. నుదుటి మీద తడిగుడ్డ ఉంది. దవాఖానకు తీసుకుపోతే, జ్వరమే, భయం లేదన్నారని రమ చెప్పింది.

"కాకా, గా ముచ్చట నేనే చెప్పిన" అంది హర్షిణి. ఆ మాట అనడానికి బడి నుంచి నడిచొచ్చినంత సేపు పట్టినట్టనిపించింది.

తిడతాడనుకుంది. పోశం జరిగి, మంచం మీద చోటిచ్చాడు. సినిమా చూసి చెప్పావా అని అడిగాడు. హర్షిణి అంతా చెప్పింది, ఆవులించిన పిల్లాడితో సహా.

"నాకు గూడ ఇష్టమే బిడ్డా గా సినిమాలు" అన్నాడు పోశం. "సముద్రం పొంగేటియి, బిల్డింగులు కూలేటియి అన్ని చూస్త. ఒకసారి బాయి కూలేది వచ్చింది. సగంల లేసొచ్చిన."

"ఎందుకు కాకా?"

"అండ్ల ఉన్నోళ్ళందరు నాకు ఎరుకైనోళ్ళే అనిపించింది."

హర్షిణి తల దించుకుంది. వంతెన తెగినప్పుడు కింద పడ్డవాళ్ళ ముఖాలు గుర్తు తెచ్చుకుందామని చూసింది. ఒక్కటీ గుర్తు రాలేదు.

సంతోషి వైపు తిరిగి, అదంతా అబద్ధమనీ, తనే కల్పించాననీ చెప్పింది. సంతోషి కళ్ళు తెరిచి, "కానీ నాకు కనవడ్డది గదక్కా" అంది.

చెప్పిన కథను చెరిపేయడం కుదరదని హర్షిణికి తెలిసింది. కాసేపు బ్యాగు పట్టీ తిప్పుతూ కూర్చుని, పోశాన్నే అడగడం మొదలుపెట్టింది. కప్పు కూలేటట్టుంటే ముందు ఎట్లా తెలుస్తుంది? అప్పుడు ఏం చేస్తారు?

పోశం పనే అది. బాయి కప్పుకు ఆసరాగా దిమ్మెలు, అంటే లావుపాటి కర్రలు, నిలబెట్టేవాళ్ళలో ఆయనొకడు. ముందు కడ్డీతో కప్పును కొట్టి చూస్తామన్నాడు. గట్టిగా ఉంటే గణగణమంటుంది, లోపల డొల్లయితే డబ్‌మంటుంది. డబ్‌మంటే అందరినీ వెనక్కి పంపి, దిమ్మెలు పెట్టాకే మళ్ళీ పని. పొద్దున తీసుకున్న టోపీ లైటు పైకొచ్చాక అప్పజెప్పాలి. ఒక్క లైటు తక్కువైనా ఆ మనిషి కోసం వెతుకుతారు. మంచం పట్టెను వేలి కణుపుతో కొట్టి ఆ రెండు చప్పుళ్ళూ వినిపించబోయాడు. సంతోషి తల ఎత్తి తనూ కొట్టి చూసింది.

ఎవరెవరు దిగుతారని హర్షిణి అడిగింది. పోశం పేర్లు చెప్పాడు. వయసులో పెద్దవాడు ఎల్లేశం. ఎప్పుడూ అందరికంటే ముందు ఆకలేసేవాడు కిషన్. చీకట్లో పాటలు పాడేవాడు ముత్యం. హర్షిణి ఒక్కో పేరూ నోట్లో అనుకుంటూ ఇంటికి వెళ్ళింది.

బుధవారం సంతోషికి జ్వరం తగ్గింది. పోశం డ్యూటీకి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేదాకా సంతోషి గడప మీదే కూర్చుందట. గురువారం బడికి వచ్చింది, కానీ అన్నం ముందు పెట్టుకుని గేటు వైపే చూస్తోంది. ఆ వేళకు పోశం బాయి లోపలే ఉంటాడు.

హర్షిణి తన పళ్ళెం తీసుకొచ్చి సంతోషి పక్కన కూర్చుంది. మిగతా పిల్లలూ చేరారు. బాయి కథలో కొంచెం మిగిలిందని హర్షిణి చెప్పింది.

మళ్ళీ బాయిలోకి తీసుకుపోయింది. కడ్డీతో కప్పును కొట్టించింది. కప్పు డబ్‌మంది. పిల్లలంతా ముందుకు వంగారు. ఇప్పుడు కూల్చేస్తే ఎంత బాగుంటుందో హర్షిణికి తెలుసు. సంతోషి వైపు చూసింది. కప్పు పగిలింది, మట్టి రాలింది, కానీ పోశం దిమ్మెకు భుజం ఆనించి పట్టుకున్నాడు.

"ముందు ఎల్లేశం తాతను పంపిన్రు. మోకాళ్ళ మీద పాకుకుంట వచ్చిండు."

"అందరు బతికితే ఏం మజా ఉంటది?" అన్నాడు మొన్న ఆవులించిన పిల్లాడు.

"ఇంకా ముగ్గురు లోపలున్నరు" అంది హర్షిణి. వాడు నోరు మూసుకున్నాడు.

కిషన్ వచ్చాడు. రాగానే టిఫిన్ డబ్బా ఏదని అడిగాడు. అందరూ నవ్వారు. ముత్యం పాట దూరం నుంచి వినిపించింది, దగ్గరైంది, ఆయనా వచ్చాడు.

"మా బాపు?" అంది సంతోషి.

"అందరు దాటేదాక దిమ్మె పట్టుకున్నడు గద. ఆఖరున వస్తడు."

బెల్లు కొట్టారు. పిల్లలెవరూ లేవలేదు. రాజరాజేశ్వరి టీచర్ వచ్చి, క్లాసుకు రారేమని అడిగింది.

"ఒక్క నిమిషం టీచర్. పోశం కాక ఇంకా పైకి రాలె" అంది హర్షిణి.

టీచర్ ఏదో అనబోయి సంతోషి ముఖం చూసింది. చేతిలోని రిజిస్టరు చంకలో పెట్టుకుని, స్తంభానికి ఆనుకుని నిలబడింది. "అయితే ఆయన్ని రానివ్వండి" అంది.

హర్షిణి తొందరపడలేదు. పోశాన్ని ఒక్కో అడుగూ వేయించి తీసుకొచ్చింది. చీకట్లోంచి లైటు కనిపించింది, తరువాత ముఖం, తరువాత చేతులు. ఎండలోకి వచ్చి కళ్ళు చికిలించాడు. లైటు అప్పజెప్పి, బండెక్కి, ఇంటికొచ్చి, వాకిట్లో కాళ్ళు కడుక్కున్నాడు.

సంతోషి అప్పుడు తన పళ్ళేన్ని దగ్గరికి జరుపుకుని, చల్లారిన అన్నం కలుపుకుంది.